కనకరత్నం పట్టిన కత్తెర

కనకరత్నం నోట్లో నువ్వుగింజ నానదని నాగాయలంక రేవు నుంచి అవనిగడ్డ చేపల బజారు దాకా అందరికీ తెలుసు. ఏ బోటుకి ఏం పడిందో, ఎవరి సంబంధం ఎందుకు తప్పిపోయిందో ఆటో ఎక్కింది మొదలు దిగేదాకా చెబుతూనే ఉంటుంది. పక్కన ఎవరూ లేకపోతే బుట్టలో చేపలకి చెబుతుంది. అలాంటి మనిషి ధనుర్మాసం నుంచీ ఒక సంగతి లోపలే అదిమిపెట్టుకుని తిరుగుతోందంటే అది మామూలు సంగతి కాదు. ఆమె కోడలు తేజస్విని నెల తప్పింది.

ఐదో నెల వచ్చేదాకా ఈ మాట గడప దాటకూడదని శాసనం చేసింది కనకరత్నమే. నిరుడు ఎండాకాలంలో ఇలాగే సంబరం పట్టలేక మూడో నెలకే బజారంతా చాటింది. నాలుగో నెలలో కడుపు పోయింది. ఆ తర్వాత చేపలకి వచ్చిన ప్రతి ఆడమనిషీ 'కోడలు ఎలా ఉంది?' అని నవ్వుతూ అడగడం, ఈమె తల వంచుకుని పొలుసు గీకుతూ ఉండిపోవడం. కనకరత్నం జన్మలో నోరు మెదపకుండా గడిపిన రోజులంటే అవే.

ఆ శాసనంతోపాటు కొడుకు వాసుకి ఇంకో రెండు పెట్టింది. పెళ్ళాం కడుపుతో ఉన్నప్పుడు మొగుడు మంగలి షాపు మెట్లెక్కకూడదు. పచ్చని కొమ్మ మీద కత్తి పెట్టకూడదు. ఇవి ఆమె కనిపెట్టినవేం కాదు. వాసు కడుపులో ఉన్నప్పుడు ఆమె మొగుడు పోలయ్య గడ్డం గుండెల మీదకి దిగేలా పెంచుకుని వేటకి వెళ్ళేవాడు. బోటులో వాళ్ళు స్వామీజీ అని పిలిచేవాళ్ళు. పోలయ్యకి గడ్డం తప్ప ఇంకో ఇబ్బంది లేదు, ఎందుకంటే సముద్రం మీద కొట్టడానికి చెట్లు ఉండవు. వాసు సంగతి వేరు. వాసు బతికేదే కత్తెరతో.

వేటకెళ్ళే ఇంట్లో పుట్టాడే గానీ వాసుకి సముద్రం పడలేదు. బోటు రేవు దాటితే చాలు, వాంతులు. పోలయ్య నాలుగైదుసార్లు తీసుకెళ్ళి చూసి, వీణ్ణి చూసుకోవడానికే ఇంకో మనిషి కావాల్సి వస్తోందని ఒడ్డున వదిలేశాడు. కుర్రాడు గుడివాడలో ఒక నర్సరీలో పనికి కుదిరి మొక్కలు పెంచడం, అంటు కట్టడం, కత్తిరించడం నేర్చుకొచ్చాడు. అవనిగడ్డలో పెద్దవాళ్ళ ఇళ్ళ చుట్టూ తోటలు చూసుకునేవాడు. అలాంటి ఇళ్ళలో ఝాన్సీలక్ష్మి గారిది ఒకటి.

ఝాన్సీలక్ష్మి గారు బందరులో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. కోడూరు రోడ్డులో ఆవిడకి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం ఉంది. చుట్టుపక్కల పొలాలన్నీ చేపల చెరువులైపోయి, మధ్యలో అదొక్కటే మిగిలింది. ఆవిడ భర్త నాగేశ్వరరావు గారు దాన్నీ చెరువు వాళ్ళకి లీజుకిచ్చి చేతులు దులుపుకుందామని ఎప్పటి నుంచో అంటున్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. ఈ నేలకి అలవాటైన పూలపొదలు పెంచుతాననీ, దేవుడి పూలకి అవనిగడ్డలోనూ బందరులోనూ ఎప్పుడూ గిరాకీ ఉంటుందనీ వాదించింది. వాసుని పిలిచి, పంటలో సగం నీది అని చెప్పింది.

నిరుడు శ్రావణంలో వాసు ఆ ఎకరంలో నందివర్ధనాలు నాటాడు. గట్ల మీద పారిజాతాలు, కాలువ వైపు నూరువరహాలు. అప్పటికి కడుపు పోయి మూడు నెలలు కాలేదు. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. పొద్దున్నే వెళ్ళి ఆ పిలకల మధ్య కూర్చునేవాడు. కాలువలో ఉప్పు నీళ్ళు ఎగదన్నినప్పుడు చేతిపంపు నీళ్ళు బిందెలతో మోసి పోశాడు. వానకి వాలిన మొక్కకల్లా వెదురుపుల్ల కట్టాడు. చేపల బుట్ట దించి అటు తొంగిచూసినప్పుడల్లా కనకరత్నం 'వీడికి పిచ్చి పట్టలేదు కదా' అని భయపడేది. మొక్కలు బతికాయి. వాటితోపాటు వాడూ కోలుకున్నాడు.

ఇప్పుడు మాఘమాసం వచ్చింది. చలి తగ్గుతోంది, మొక్కలో నీరు పైకి లేచే కాలం.

"అమ్మా, మొక్కలు కత్తిరించాలి" అన్నాడు వాసు ఒక సాయంత్రం, అన్నం ముందు కూర్చుని.

"కత్తిరిస్తే కాళ్ళు విరగ్గొడతాను" అంది కనకరత్నం, పులుసు వడ్డిస్తూ.

"ఇప్పుడు తలలు తుంచకపోతే కర్రల్లా నిలువునా పోతాయే. పక్క కొమ్మలు రావు. కొసన నాలుగు పూలు పూసి ఊరుకుంటాయి. ఒక్క గాలి వస్తే పడిపోతాయి."

"పడిపోనీ. మళ్ళీ నాటుకో."

"నన్ను మోసినప్పుడు నాన్న వేటకెళ్ళలేదా? వల నిండా చేపలు తెచ్చి ఒడ్డున పోయలేదా? వాటికి ప్రాణం లేదా?"

కనకరత్నం గరిటె పట్టుకుని ఆగింది. కొడుకు అడిగినదానికి జవాబు లేక కాదు. ఆ జవాబు ఆమెకి ఎప్పటి నుంచో తెలుసు, ఎవరూ అడగలేదంతే.

"అవి సముద్రం పెంచుకున్నవిరా. సముద్రం ఇచ్చింది, మీ నాన్న తెచ్చాడు. ఇవి నువ్వు నీ చేత్తో నీళ్ళు పోసి పెంచినవి. పెంచిన చేత్తోనే కోస్తే అది ఊరికే పోతుందా?"

మూలన వల బాగుచేసుకుంటున్న పోలయ్య తలెత్తి చూశాడు. పెళ్ళాం అన్న మాట కొంచెం బాగానే ఉందనిపించినట్టుంది, మళ్ళీ తల దించుకున్నాడు.

"పోనీ ఇంకెవరి చేతనైనా కోయిస్తాను" అన్నాడు వాసు.

"నువ్వు చెప్పి కోయిస్తే నువ్వు కోసినట్టే."

నిరుడు జరిగింది ఆమె నాలిక చివరిదాకా వచ్చింది, మింగేసింది. తేజస్వినికి నొప్పులు మొదలైన రోజు పొద్దున వాసు ఝాన్సీలక్ష్మి గారింటి గోరింట కంచె కత్తిరించాడు. ఆస్పత్రి వరండాలో, ఆ ఏడుపులో, కనకరత్నం ఒక్కసారి అనేసింది: 'పొద్దున్నే ఆ కంచె మీద కత్తెర పెట్టకపోతే నీ సొమ్మేం పోయేదిరా?' ఆ తర్వాత ఆమె మళ్ళీ ఎన్నడూ ఆ ఊసు ఎత్తలేదు. వాడు మర్చిపోయి ఉంటాడనుకుంది.

మర్నాడు పొద్దున వాసు మేకుకి వేలాడుతున్న కత్తెర తీసి సంచిలో వేసుకున్నాడు. గుమ్మం దగ్గర తేజస్విని నిలబడి ఉంది. వద్దనలేదు, వెళ్ళమనలేదు. చెయ్యి మాత్రం దానంతటదే పొట్ట మీదకి వెళ్ళింది. వాసు ఆ చేతిని చూశాడు. సంచిలోంచి కత్తెర తీసి మళ్ళీ మేకుకి తగిలించి, ఒట్టి సంచితో వెళ్ళిపోయాడు. వాడికి ఈ నమ్మకాలు లేవని కనకరత్నానికి తెలుసు. నమ్మకం లేనివాడికైనా ఇలాంటి విషయంలో పంతానికి పోవడానికి ధైర్యం చాలదు. తన మాట నెగ్గిందనుకుంది గానీ, ఎందుకో ఆ పూట అన్నం సయించలేదు.

మాఘం సగం గడిచింది. ఆదివారం కనకరత్నం ఝాన్సీలక్ష్మి గారింటికి మంచి పండుగప్ప తీసుకెళ్ళింది. పెరట్లో కత్తిపీట వేసుకుని చేప శుభ్రం చేస్తుంటే ఆవిడ కాఫీ గ్లాసుతో వచ్చి అరుగు మీద కూర్చుంది.

"కనకరత్నం, మీవాడికి ఏమైంది?"

"ఏమైందండీ?"

"అదే నేనూ అడుగుతున్నాను. మొక్కలు నా భుజాల దాకా లేచాయి. కింద ఒక్క కొమ్మ లేదు. రేపు కోస్తానండీ, ఎల్లుండి కోస్తానండీ అంటాడు. నేను కోద్దామంటే ఈ కీళ్ళవాతంతో వేళ్ళు కత్తెర మీద మూతపడవు. మా ఆయన రోజూ నవ్వడమే. చెరువు లీజు అతను నిన్న వచ్చి కూర్చుని కాఫీ కూడా తాగి వెళ్ళాడు." ఆవిడ గ్లాసు పక్కన పెట్టింది. "తొలకరికి పువ్వు బజారుకి వెళ్ళకపోతే ఎకరం ఇచ్చేస్తానని నా నోటితో నేనే ఒప్పుకున్నాను. వాసుని చూసుకునే ఒప్పుకున్నాను."

కనకరత్నం చేప మీద నీళ్ళు పోసింది. ఎకరం పోతే వాసు మళ్ళీ ఇళ్ళ వెంట తిరగాలి. నిరుడు వాడు కోలుకున్నది ఆ ఎకరంలో. అక్కడ పొక్లెయినర్ దిగి మొక్కలన్నీ ఎత్తి గట్టు మీద పోస్తే వాడేమైపోతాడో ఆమె ఊహించుకోదలచుకోలేదు.

"రేపు బందరు నుంచి మనిషిని పిలిపిస్తున్నాను" అంది ఝాన్సీలక్ష్మి గారు. "మిషనుతో కంచె గీసినట్టు గీసేసి పోతాడు. లేత మొక్కలు, ఎన్ని తట్టుకుంటాయో తెలీదు. ఇంకేం చెయ్యను? అసలు మీవాడు తన మొహమైనా అద్దంలో చూసుకుంటున్నాడా? ఆ గడ్డం, ఆ జుట్టు. మొక్కలూ వాడూ ఒక్కలాగే పెరిగిపోయారు. కత్తెరంటేనే ఒంటికి పడనట్టు..."

ఆవిడ ఆగిపోయింది. కనకరత్నం వైపు తిరిగి చూసింది. డెల్టాలో పుట్టి పెరిగిన మనిషి, సైన్సు చెప్పినంత మాత్రాన ఇంట్లో ఆచారాలు తెలియకుండా పోవు.

"ఎన్నో నెల?" అంది నెమ్మదిగా.

చేప తోక మీద కనకరత్నం చెయ్యి ఆగిపోయింది. ఊరందరి వార్తలూ నోటితో మోసే మనిషి తడిచేతి నాలుగు వేళ్ళు చూపించింది.

ఆవిడ కోప్పడుతుందనుకుంది. చదువుకున్నవాళ్ళు ఇలాంటప్పుడు అనే మాటలు ఎలా ఉంటాయో కనకరత్నానికి తెలుసు, వాటికి జవాబులు కూడా సిద్ధంగా పెట్టుకుంది. ఝాన్సీలక్ష్మి గారు అవేం అనలేదు.

"బందరు వాణ్ణి రావద్దంటాను" అంది లేస్తూ. "వాడి ప్రమేయం లేకుండా కోయించినా వాడి మనసుకి కష్టంగానే ఉంటుంది. పోతే ఎకరం పోతుంది. మీ ఇంట్లో పిల్లో పిల్లాడో తిరిగితే అదే చాలు. ముక్కలు మరీ లావుగా కొట్టకు, మా ఆయనకి ముల్లు భయం."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది కనకరత్నానికి. తిడితే ఎదురు తిట్టి మర్చిపోవచ్చు. మంచిమాట అలా కాదు, ఇంటిదాకా వెంట వస్తుంది. ఆ రోజు ఆటోలో ఆమె నాగాయలంక దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఒంట్లో బాలేదేమోనని ఆటో అతను రెండుసార్లు అడిగాడు.

ఇంటికొచ్చేసరికి తేజస్విని వాకిట్లో నీడన కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. కనకరత్నం బుట్ట దించి, పక్కనే కూలబడి, జరిగిందంతా చెప్పింది. చెరువు సంగతి కూడా. తేజస్విని చేతులు ఆగలేదు గానీ, తల దించుకుని వింటోంది.

"అత్తయ్యా, ఒకటి అడగనా? పోయినసారి డాక్టరమ్మ ఏమందో మీకు గుర్తుందా?"

"పిండం మొదట్నుంచీ సరిగా కట్టలేదంది. ఎవరి తప్పూ కాదంది. గుర్తులేకేం."

"మరి ఆయనకి మాత్రం ఆ మాట వినపడలేదు. మీరన్నదే వినపడింది."

"నేనేమన్నాను?"

"కంచె మాట. ఒక్కసారే అన్నారు. ఇప్పటికీ కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండి తన చేతులు చూసుకుంటాడు. నేను ఏమిటంటే ఏం లేదంటాడు." తేజస్విని కళ్ళు తుడుచుకుంది, ఎండుచేపల ఉప్పు తగిలి ఇంకా మండాయి. "నాకు మీ ఆచారం మీద కోపం లేదత్తయ్యా. నాకూ భయమే. ఆయన కత్తెర ముట్టుకోకపోతే నాకూ ధైర్యంగానే ఉంటుంది. కానీ తనే పాపం చేశానని ఆయన అనుకుంటున్నాడే, అది నేను చూడలేకపోతున్నాను."

కనకరత్నం కోడలి చేతిలోంచి చేట తీసుకుని, ఎండుచేపలు తనే ఏరడం మొదలుపెట్టింది. ఏరినవీ ఏరనివీ కలిపేస్తోందని తేజస్విని చూసింది గానీ చెప్పలేదు. బజారులో నోరు జారితే మర్నాడు సర్దుకోవచ్చు, పదిమందిలో నవ్వేయొచ్చు. ఇంట్లో జారిన మాట ఎక్కడికీ పోకుండా ఇంట్లోనే కూర్చుంది.

మర్నాడు వాసు ఎకరానికి వెళ్ళిన కాసేపటికి కనకరత్నం మేకు మీది కత్తెర తీసింది. బుట్టలో వేసి, పైన గుడ్డ కప్పింది. బజారులో చేపలు దించకుండా నేరుగా ఝాన్సీలక్ష్మి గారింటికి వెళ్ళి, "అమ్మగారూ, ఒక్క గంట నాతో రండి. నాకు చోటు చూపిస్తే చాలు" అంది. ఆవిడ ఎందుకని అడగలేదు, చెప్పులు వేసుకుంది.

వాసు పాదుల్లో కలుపు తీస్తున్నాడు. అమ్మనీ, మేడమ్ గారినీ కలిపి చూసేసరికి నిలబడిపోయాడు. కనకరత్నం బుట్ట మీద గుడ్డ తీసి కత్తెర పైకి ఎత్తింది.

"అమ్మా! ఏంటిది?"

"నువ్వు చెప్పలేదు. నేను నిన్ను అడగలేదు. అటు తిరిగి కూర్చో."

"నీకు మొక్కల గురించి ఏం తెలుసే?"

"చేపల గురించి నీకేం తెలుసురా? రోజూ తినడం లేదా? తిరుగు అటు."

వాసు ఝాన్సీలక్ష్మి గారి వైపు చూశాడు. ఆవిడ గట్టు వైపు వేలు చూపించింది. ఇద్దరు ఆడవాళ్ళ ముందు ఏ మగవాడైనా చేసేదే వాడూ చేశాడు. వెళ్ళి గట్టు మీద, మొక్కలకి వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఇదిగో, ఇక్కడ చూడు" అంది ఝాన్సీలక్ష్మి గారు, మొదటి నందివర్ధనం దగ్గర వంగి. "ఇది కణుపు. రెండు ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా? ఒక్కో ఆకు మొదట్లో చిన్న కన్ను ఉంది, కనపడుతోందా? దానికి కొంచెం పైన కొయ్యాలి. కన్నుకి తగలకూడదు."

కనకరత్నం కత్తెరని చేప తల కొట్టే కత్తి పట్టినట్టు పిడికిలితో పట్టింది. ఆవిడ వేళ్ళు సర్దింది. రెక్కల మధ్యకి లేత కాడ వచ్చింది. ఆకుపచ్చగా, వేలెడు లావు కూడా లేదు. చిటారున నాలుగు తెల్ల మొగ్గలు. ఈ కాడకి వాసు బిందెలతో నీళ్ళు పోశాడు. వానకి వంగితే పుల్ల కట్టాడు. కనకరత్నం పుట్టి బుద్ధెరిగాక ఎన్ని వేల చేపలు కోసిందో ఆ గంగమ్మకే తెలియాలి. ఈ ఒక్క కాడ దగ్గర మాత్రం కత్తెర మూయకుండా పట్టుకుంది.

ఇందులో ఏమీ లేదనుకునేవాళ్ళకి ఇది చిటికెలో పని. కనకరత్నం అలా అనుకునే మనిషి కాదు. పచ్చకొమ్మ కోస్తే ఫలితం ఉంటుందనీ, అది ఎవరో ఒకరికి తగులుతుందనీ ఆమె ఆ క్షణంలోనూ నమ్ముతూనే ఉంది. నమ్ముతూనే వచ్చింది.

"గంగమ్మ తల్లీ" అంది పైకే, పక్కింటావిడతో మాట్లాడినట్టు. "చూసుకో. కోసేది నేను. పోలయ్య పెళ్ళాన్ని, కనకరత్నాన్ని. వాడు కాదు. ఆ పిల్ల కాదు. ఏదైనా ఉంటే నా దగ్గరికి రా. వాళ్ళ జోలికి వెళ్ళావంటే ఊరుకోను."

కత్తెర మూసింది. టక్కుమని చిన్న చప్పుడైంది. మొగ్గలతో సహా కొస కింద పడింది. కోసిన చోట చిక్కగా, తెల్లగా ఊరి, కాడ వెంట జారి కనకరత్నం వేళ్ళ మీద పడింది.

"అమ్మగారూ, పాలు!" అంది కనకరత్నం. "పాలు కారుతున్నాయండీ దీనికి."

"నందివర్ధనానికి ఉంటాయి కనకరత్నం. ఆగిపోతాయి."

కనకరత్నం కదల్లేదు. ఆ పాలు ఆగేదాకా చూస్తూ కూర్చుంది. కాస్సేపటికి కోసిన చోట అవి గడ్డకట్టి, సన్నటి పొరలా మూసుకున్నాయి. మొక్క అలాగే నిలబడి ఉంది. కింద రెండు ఆకులూ ఎండలో మెరుస్తున్నాయి. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఒరేయ్ వాసూ!"

వాడు తిరగబోయాడు.

"తిరక్కు. అక్కడే ఉండి విను. నిరుడు ఆ గోరింట కంచె వల్ల కాదురా. డాక్టరమ్మ చెప్పింది నాకూ వినపడింది. వినపడి కూడా ఆ మాటన్నాను. కడుపు మండి ఎవరో ఒకర్ని అనాలనిపించింది. ఎదురుగా నువ్వున్నావు. అందులో నీ చెయ్యేం లేదు. వింటున్నావా? నీ చెయ్యేం లేదు."

వాసు తిరగలేదు. పెరిగిన జుట్టు మెడ మీద పడి ఉంది. భుజాలు ఒకసారి పైకి లేచి దిగాయి. మోచేత్తో మొహం రుద్దుకుని అలాగే కూర్చున్నాడు. ఝాన్సీలక్ష్మి గారు రెండో మొక్క దగ్గరికి వెళ్ళి, ఆకుల కింద ఏదో వెతుకుతున్నట్టు వంగింది. కనకరత్నం ముక్కు చీది, ఆవిడ వెనకాలే నడిచింది.

నాలుగో మొక్కకి కత్తెర చేతికి అలవాటైంది. పదో మొక్కకి కణుపు తనే వెతుక్కుంటోంది.

"అమ్మా" అన్నాడు వాసు, వీపు అలాగే ఉంచి. "ఏటవాలుగా కోస్తున్నావా, అడ్డంగానా?"

"నోరు మూసుకో. నువ్వు చెబితే నీ లెక్కలోకి వస్తుంది."

"నీకు చెప్పడం లేదు. ఈ గట్టుకి చెబుతున్నాను. ఓ గట్టూ, కోత కాస్త ఏటవాలుగా ఉండాలి, నీళ్ళు నిలబడకుండా. మొక్కకి మూడో వంతుకి మించి తియ్యకూడదు. మరీ సన్నంగా ఉన్నదాన్ని ఈ ఏడు వదిలేయాలి. పారిజాతాలకి కొసలు గిల్లితే చాలు, కత్తెర అక్కర్లేదు."

గట్టు అన్నీ విన్నది. కనకరత్నం ఏమీ విననట్టు మొహం పెట్టి, అలాగే కోసింది. ఝాన్సీలక్ష్మి గారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మొగ్గలు గిల్లడం దగ్గర మాత్రం కనకరత్నానికి మళ్ళీ ప్రాణం ఒప్పలేదు. పక్కన ఆకుల సందున దాక్కున్న చిన్న మొగ్గలు కూడా తీసెయ్యాలంది ఝాన్సీలక్ష్మి గారు. ఇప్పుడే పూయనిస్తే బలమంతా పువ్వుకే పోయి వేరు నిలదొక్కుకోదు, మొక్క నిలబడితే తర్వాత ఏళ్ళ తరబడి పూస్తుంది అంది. కనకరత్నం ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని విన్నది. గిల్లిన మొగ్గలు మాత్రం ఒక్కటి కూడా నేల మీద పడెయ్యలేదు. ఒడిలో పోసుకుంది. ఇంటికి తెచ్చి గంగమ్మ పటం ముందు ఇత్తడి గిన్నెలో నీళ్ళు పోసి వేసింది. సాయంత్రానికి సగం పైగా విచ్చుకున్నాయి. తేజస్విని వాటిని చూసి, కత్తెర లేని మేకుని చూసి, అత్తని చూసింది. అడగాల్సిన అవసరం రాలేదు.

మొత్తం ఎకరానికి వారం పట్టింది. ఆ వారమంతా కనకరత్నం పొద్దున్నే బజారులో చేపలు త్వరత్వరగా తెగనమ్మి ఎకరానికి వెళ్ళేది. వాసు రోజూ గట్టుకి పాఠం చెప్పేవాడు. కోతలయ్యాక పాదులకి వేపపిండీ పశువుల ఎరువూ వేసి నీళ్ళు పెట్టడం వాడి పని, దానికి అడ్డు లేదు.

తర్వాతి రోజులు అందరికీ భారంగా గడిచాయి. ఎకరం చూస్తే మొండి మొక్కలు, ఒక పువ్వు లేదు. నాగేశ్వరరావు గారు స్కూటర్ ఆపి చూసి, తల ఊపి వెళ్ళిపోయేవారు. ఇంట్లో నాలుగో నెల నడుస్తోంది. తేజస్విని నడుం మీద చెయ్యి వేసుకుంటే చాలు, కనకరత్నం చేస్తున్న పని వదిలి లేచేది. తనకి తలనొప్పి వచ్చినా, కాలికి ముల్లు గుచ్చుకున్నా లోలోపల సంతోషించేది. తగలాల్సింది తనకే తగులుతోందని లెక్క వేసుకునేది. ఒకసారి చేపముల్లు దిగి వేలు వాస్తే, పోలయ్య మందు తెస్తానన్నా వద్దంది. కారణం చెప్పలేదు. పోలయ్య అడగలేదు.

ఫాల్గుణం సగంలో ఒక పొద్దున తేజస్విని ఆస్పత్రిలో పరీక్షలయ్యాక బయటికొచ్చి, అంతా బాగుందంది డాక్టరమ్మ అని చెప్పింది. ఐదో నెల ప్రవేశించింది. కనకరత్నం ఆ వరండాలోనే, నిరుడు నిలబడ్డ చోటే నిలబడి, కాసేపు గోడ పట్టుకుంది. కోడల్ని ఆటో ఎక్కించి ఇంటికి పంపింది. అత్త బజారుకి వెళ్తుందనుకుంది తేజస్విని. ఇన్నాళ్ళు బిగబట్టిన మాట, ఇవాళ అవనిగడ్డ దద్దరిల్లుతుందనుకుంది.

కనకరత్నం బజారు దాటి కోడూరు రోడ్డు పట్టింది.

వాసు గడ్డంతో, జుట్టుతో మొక్కల మధ్య నిలబడి ఉన్నాడు. పోల్చుకోవడానికి కొంచెం కష్టపడాలి. అమ్మని చూసి చెయ్యి ఊపి, "ఇలా రావే" అని పిలిచాడు. మొదట కోసిన మొక్క దగ్గరికి తీసుకెళ్ళాడు.

పాలు కారిన చోట ఎండి గోధుమరంగు మచ్చ ఉంది. దాని కింద, రెండు ఆకుల మొదళ్ళ నుంచి రెండు చిగుళ్ళు చెరోవైపు లేచాయి. లేతగా, నిగనిగలాడుతూ, జానెడు ఉన్నాయి. కనకరత్నం పక్క మొక్క చూసింది. అక్కడా రెండు. దాని పక్కదానికీ రెండు. వంగి వంగి వరుస చివరిదాకా చూసుకుంటూ వెళ్ళింది. ఎక్కడ తన కత్తెర పడిందో అక్కడల్లా రెండేసి.

"తొలకరికి పువ్వు వస్తుందా?" అంది.

"వస్తుంది. నాగేశ్వరరావు గారు నిన్న స్కూటర్ దిగి లోపలికొచ్చి చూశారు. ఏమీ అనలేదు. ఆ చెరువు అతనికి ఫోన్ చేసి ఈ ఏడుకి వద్దన్నారట." వాసు చిగురుని వేలితో తాకీ తాకకుండా తాకాడు. "జ్యేష్ఠంలో మొదటి పూలు కోశాక ఇంకోసారి కొసలు కత్తిరించాలమ్మా."

"అప్పటికి ఎన్నో నెల వస్తుంది?"

"ఎనిమిది."

"అయితే నేనే వస్తాను. కత్తెర బుట్టలోనే ఉంది."

వాసు నవ్వాడు. నిరుటి నుంచి ఆ నవ్వు కోసం చూస్తున్న కనకరత్నం, చూడనట్టు మొహం పక్కకి తిప్పుకుంది. ఆస్పత్రిలో సంగతి ఇంకా వాడికి చెప్పలేదని గుర్తొచ్చింది. చెప్పబోయింది. అంతకన్నా ముందు చెప్పాల్సినవాళ్ళు ఉన్నారనిపించింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని మొదటి మొక్క పక్కన గొంతుక్కూర్చుంది. దేవుడి గదిలో మాట్లాడినంత మెల్లగా, ఆమె ఎన్నడూ మాట్లాడనంత మెల్లగా, ఆ చిగుళ్ళతో అంది:

"మాకు ఐదో నెల వచ్చింది. బజారులో ఇంకా ఎవరికీ చెప్పలేదు, మీకే ముందు. మీకు కోసిన చోటల్లా రెండేసి ఇచ్చింది ఆ తల్లి. మేమంత అడగం. మాకొక్కటి చాలు."

వాసు ఏమీ విననట్టు గట్టు వైపు తిరిగి నిలబడ్డాడు.